ఇనుముకొక రాయి, రాతికొక రాయి
సాన రాళ్లు, గ్రైండర్ బిళ్ళలు కొనేముందు అంకె, అక్షరం చూడండి

కురిచేడు: కంది కోత దగ్గర పడితే ఇంట్లో మూల పడి ఉన్న కొడవళ్లు బయటికొస్తాయి. సుబాబుల్ నరికే రోజుల్లో గొడ్డలికి, మచ్చుకత్తికి పని పడుతుంది. మొద్దుబారిన కొడవలితో కోస్తే కూలి రోజులు పెరుగుతాయి, చెయ్యి నొప్పి పుడుతుంది, కంది చెట్టు కుదిలి కాయ రాలుతుంది. అందుకని ఇప్పుడు చాలామంది రైతులు కమ్మరి కోసం ఎదురుచూడకుండా హార్డువేరు కొట్టుకెళ్లి ఒక రాయో, చేతి గ్రైండరో కొనుక్కొని ఇంటి దగ్గరే నూరుకుంటున్నారు. ఇది మంచిదే. అయితే కొట్టులో రాళ్లు, బిళ్ళలు పది రకాలున్నాయి. ఇనుముకు వాడేది రాతికి పనికిరాదు. రాతికి వాడేది ఇనుముకు వాడితే రాయీ పోతుంది, పనిముట్టూ పోతుంది. ఒక్కోసారి కన్నో, వేలో కూడా పోతుంది.

మన పశ్చిమ ప్రకాశంలో ఈ సంగతి తెలుసుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. వాన లేని ఏడు చిన్న కమతాల రైతులు, కూలీలు మార్కాపురం పలకల పనికి, చీమకుర్తి గ్రానైటు పనికి వెళుతుంటారు. అక్కడ చేతిలో ఉండేది కూడా ఈ రాళ్లూ, ఈ బిళ్ళలే. పని ఎలా చెయ్యాలో తెలియకపోతే పోయేది పనిముట్టు కాదు, ఊపిరితిత్తులు. అందుకని రెండు విషయాలూ కలిపి ఈ వారం వివరిస్తున్నాం.

పలక, బలపం చెప్పే పాఠం

మార్కాపురం పలక మీద బలపంతో గీస్తే ఏమవుతుంది? పలక అరగదు, బలపం అరుగుతుంది. ఎందుకంటే బలపం మెత్తన, పలక గట్టి. అరగదీసే పని అంతా ఈ ఒక్క సూత్రం మీదే నడుస్తుంది. ఏ వస్తువునైనా అరగదీయాలంటే దానికన్నా గట్టిది కావాలి.

జర్మనీకి చెందిన ఖనిజ శాస్త్రజ్ఞుడు ఫ్రెడరిక్ మోస్ 1812లో ఈ గట్టిదనానికి 1 నుంచి 10 వరకు అంకెలు వేశాడు. ఆ వరసలో మన బలపపు రాయి 1. మనిషి గోరు సుమారు రెండున్నర. నాపరాయి 3. కిటికీ గాజు అయిదున్నర దగ్గర. గట్టిపరచిన ఉక్కు ఆరు, ఆరున్నర. చేలల్లో తెల్లగా కనపడే పలుగురాయి 7. కురువిందం 9. వజ్రం 10.

దీన్నిబట్టి పాతకాలంలో ఇసుక మీద, ఇసుకరాయి మీద కొడవలి ఎందుకు నూరేవారో అర్థమవుతుంది. ఇసుకలో ఉండేది పలుగురాయి నలుసులే. అది ఉక్కుకన్నా కొంచెమే గట్టి, కాబట్టి పని నిదానంగా సాగేది. రత్నాలు సానబట్టేవాళ్లు మాత్రం కురువిందం పొడిని లక్కలో కలిపి చక్రం చేసుకునేవారు. ఇంగ్లీషులో 'కొరండం' అనే మాట మన దక్షిణాది భాషల్లోని కురువిందం నుంచి పుట్టిందే.

కొట్టులో దొరికే మూడు జాతులు

రంగులు, పేర్లు ఎన్ని ఉన్నా, ఈ రాళ్లు ముఖ్యంగా మూడు జాతులు.

మొదటిది అల్యూమినియం ఆక్సైడు. ఇది ఫ్యాక్టరీలో చేసిన కురువిందమే. గోధుమ రంగులో, బూడిద రంగులో, తెల్లగా దొరుకుతుంది. ఇది ఇనుము, ఉక్కు పనికి. కొడవలి, గొడ్డలి, పార, గుంటక పాస అన్నిటికీ చక్రం ఈ జాతిదే కావాలి. తెల్లది త్వరగా కొత్త కొనలు తేలుస్తుంది, వేడి తక్కువ పుడుతుంది. అందుకని సన్నని కత్తులకు మేలు.

రెండోది సిలికాన్ కార్బైడు. మన కొట్లలో కార్బొరండం అంటారు. అమెరికాలో ఎడ్వర్డ్ అచెసన్ అనే ఆయన 1891లో విద్యుత్ కొలిమిలో దీన్ని తయారుచేశాడు. నల్లగానో, పచ్చగానో ఉంటుంది. కురువిందం కన్నా గట్టి, కానీ పెళుసు. ఇది రాయి, గాజు, పింగాణీ, పోత ఇనుము, ఇత్తడి వంటి వాటికి.

మూడోది వజ్రం. బిళ్ళ అంచుకు, ప్యాడ్‌కు వజ్రపు పొడి పట్టించి ఉంటుంది. ఇది గ్రానైటు, గట్టి రాయి, టైల్సు, గాజు పనికి.

ఇక్కడ ఒక అనుమానం రావచ్చు. వజ్రం అన్నిటికన్నా గట్టిది కదా, దాంతోనే గొడ్డలి కూడా గ్రైండరు మీద పట్టేస్తే పోలేదా? పోతుంది గానీ, పోయేది వజ్రమే. వజ్రం అంటే బొగ్గు జాతి. చక్రం వేగానికి పుట్టే వేడిలో అది ఇనుములో కలిసిపోతుంది. కార్బొరండం కూడా అంతే, ఉక్కు మీద వేగంగా తిరిగితే తొందరగా మొద్దుబారుతుంది. చేత్తో నిదానంగా నూరితే అంత వేడి పుట్టదు. కాబట్టి రెండు వైపులా రెండు రకాల గరుకున్న కార్బొరండం చేతిరాయి మీద కొడవలి నిశ్చింతగా నూరుకోవచ్చు. తేడా వచ్చేది కరెంటు చక్రం దగ్గరే.

రాయి మీద రాత చదవడం

చక్రం పక్కన అతికించిన కాగితం మీద కొన్ని ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు ఉంటాయి. ఉదాహరణకు 'ఎ 60 కె 5 వి' అని ఉందనుకుందాం. దాన్ని ఇలా చదవాలి.

ఎ అంటే జాతి. ఎ ఉంటే అల్యూమినియం ఆక్సైడు, ఇనుముకు. సి ఉంటే కార్బొరండం, రాతికి. జి సి ఉంటే పచ్చ కార్బొరండం.

60 అంటే నలుసు పరిమాణం. అంగుళానికి అరవై కళ్లున్న జల్లెడలో పడిన నలుసన్న మాట. సుమారు పావు మిల్లీమీటరు ఉంటుంది. కళ్లు పెరిగేకొద్దీ నలుసు సన్నబడుతుంది. కాబట్టి అంకె చిన్నదైతే గరుకు, పెద్దదైతే నునుపు. చాలామంది దీన్ని తిరగేసి అనుకుంటారు. 36 బాగా గరుకు. 60, 80 మధ్యరకం. 120 నుంచి 220 వరకు సన్నం. 400 పైన నున్నటి మెరుగు పనికి.

కె అంటే అతుకు బిగువు. ఎ నుంచి జెడ్ దాకా పోయేకొద్దీ నలుసును పట్టి ఉంచే జిగురు గట్టిపడుతుంది.

5 అంటే నలుసుల మధ్య సందు ఎంతో చెప్పే అంకె. మామూలు వాడకానికి దీని గురించి బెంగ అక్కర్లేదు.

చివరి అక్షరం జిగురు రకం. వి అంటే కుండలా కాల్చిన మట్టి జిగురు. బి అంటే రెజిన్ జిగురు. బల్లకు బిగించే చక్రాలకు వి ఉంటుంది. చేతి గ్రైండరు బిళ్ళలకు బి ఉంటుంది.

గట్టిదానికి మెత్తన, మెత్తనిదానికి గట్టి

ఇది వినడానికి తిరకాసుగా ఉంటుంది గానీ అసలు కిటుకు ఇదే. గట్టి ఉక్కును నూరేటప్పుడు చక్రం నలుసుల కొనలు త్వరగా మొద్దుబారతాయి. మొద్దుబారిన నలుసు రాలిపోతేనే దాని కింద ఉన్న కొత్త కొన పైకి వస్తుంది. అందుకని గట్టి ఉక్కుకు నలుసును వదిలేసే మెత్తని అతుకు కావాలి. మెత్తని ఇనుముకు నలుసు అంత తొందరగా మొద్దుబారదు కాబట్టి గట్టి అతుకు సరిపోతుంది. లేకపోతే చక్రం ఊరికే అరిగిపోతుంది.

రాతిని కోసే వజ్రపు బిళ్ళలకూ ఇదే వరస. గట్టి గ్రానైటుకు మెత్తని అతుకు బిళ్ళ, ఇసుకలా గరుకుగా రాలే రాతికి గట్టి అతుకు బిళ్ళ తీసుకోవాలి. కొట్టులో 'గ్రానైటుకా, మార్బులుకా' అని అడిగేది ఇందుకే.

కొత్త చక్రం కొన్నాళ్లకు మెరుగుపట్టి నున్నగా అయిపోతే అది నూరదు, వేడి మాత్రం పుట్టిస్తుంది. రోలు నున్నబడితే కక్కు కొట్టించుకుంటాం కదా, చక్రానికీ అలాగే కక్కు కొట్టాలి. దానికి డ్రెస్సర్ అని పళ్ళచక్రాల పనిముట్టు దొరుకుతుంది. ఆ నున్నటి పొర లేచిపోగానే చక్రం మళ్లీ కొత్తదానిలా కోస్తుంది.

ఏ పనిముట్టుకు ఏది

నున్నటి అంచు కొడవలి: ఇంటి దగ్గర రెండు వైపులా గరుకున్న చేతిరాయి ఒకటి చాలు. ముందు గరుకు వైపు, తర్వాత సన్నని వైపు. రాయిని అంచు పొడవునా ఒకే వాలులో నడపాలి. అంచుకు రెండో వైపున వేలితో తడిమితే సన్నని ముళ్లలాంటి గరుకు తగులుతుంది. ఆ గరుకు తగిలితే ఆ వైపు పని అయిందని గుర్తు. అప్పుడు కొడవలి తిరగేసి రెండు మూడుసార్లు సుతారంగా తీస్తే అది పోతుంది.

పళ్ళ కొడవలి: దీన్ని చక్రం మీద పెట్టవద్దు, పళ్లు పోతాయి. పళ్లు లేని చదును వైపు మాత్రం సన్నని రాయితో సుతారంగా రుద్దాలి. పళ్లు బాగా అరిగితే మూడు మూలల సన్న ఆకురాయితో ఒక్కో సందు తీసుకోవాలి.

గొడ్డలి, మచ్చుకత్తి: గంట్లు పడితే ముందు ఆకురాయితోనో, 60 నంబరు చక్రం మీదో గంటు పోయేదాకా తీయాలి. తర్వాత 120 రాయితో సాపు చేయాలి. చేతి గ్రైండరు ఉన్నవాళ్లు గట్టి బిళ్ళకు బదులు ఎమెరీ గుడ్డ రేకులు పేర్చిన ఫ్లాప్ బిళ్ళ వాడుకుంటే మంచిది. అది గుంటలు పడనివ్వదు, వేడి తక్కువ. 80 నంబరు సరిపోతుంది.

పార, గుంటక పాస: వీటికి క్షౌరపు కత్తి పదును అక్కర్లేదు. రాయికి తగిలితే మడిచిపోతుంది. ఆకురాయి ఒక్కటి చాలు.

గడ్డపార: మొన అరిగితే చక్రం మీద సన్నం చేయడం దండగ. ప్రతిసారీ పొడవు తగ్గుతుంది తప్ప మొనకు గట్టిదనం రాదు. కొలిమిలో కాల్చి సాగగొట్టించడమే దారి.

సుబాబుల్ కోసే రంపపు యంత్రం గొలుసు: దీనికి చక్రం వద్దు, గుండ్రటి ఆకురాయి కావాలి. గొలుసు రకాన్ని బట్టి లావు మారుతుంది. చిన్న యంత్రాలకు 4 మిల్లీమీటర్లు, పాయింట్ 325 గొలుసుకు 4.8 మిల్లీమీటర్లు. మామూలుగా పన్ను వాలు 30 డిగ్రీలు ఉంటుంది. ప్రతి పంటికీ ఒకే లెక్కన తోయాలి. ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ రాస్తే రంపం వంకరగా కోస్తుంది.

ఆకురాయి వాడేటప్పుడు ముందుకు తోసేటప్పుడే ఒత్తాలి, వెనక్కి లాగేటప్పుడు ఎత్తాలి. వెనక్కి ఈడిస్తే పళ్లు విరుగుతాయి. సందుల్లో ఇనుప పొడి పట్టకుండా ముందే సుద్దముక్క రుద్దాలి. పిడి లేని ఆకురాయి తోక అరచేతిలో దిగుతుంది, కాబట్టి పిడి తప్పనిసరి.

పేపరు మడతతో కోణం

పదును ఎంత వాలుగా ఉండాలో కొలవడానికి పరికరం అక్కర్లేదు. ఈ పేజీ మూల 90 డిగ్రీలు. రెండు అంచులూ కలిసేలా ఒకసారి మడిస్తే 45. మళ్లీ మడిస్తే ఇరవైరెండున్నర. కొడవలి అంచుకు రెండో మడత కొలత. గొడ్డలికి దానికన్నా కొంచెం లావు, 30 దాకా ఉండొచ్చు. పారకు, గుంటకకు మొదటి మడత కొలత. అట్టముక్కను ఇలా కత్తిరించి పెట్టుకుంటే నూరేటప్పుడు పక్కన పెట్టి చూసుకోవచ్చు.

నీలం రంగు వస్తే పదును పోయినట్టే

చక్రం మీద పట్టినప్పుడు అంచు ముందు గడ్డి రంగు, తర్వాత గోధుమ, ఆ తర్వాత నీలం అవుతుంది. గడ్డి రంగు వచ్చేసరికి వేడి సుమారు 220 డిగ్రీలు. నీలం వచ్చేసరికి 300 దగ్గర. నీలం తిరిగిన చోట ఉక్కు గట్టిదనం పోయి మెత్తబడుతుంది. చూడటానికి పదునుగానే ఉంటుంది. చేలో నాలుగు మొక్కలు కోయగానే మడుచుకుపోతుంది. ఆ తర్వాత ఎంత నూరినా లాభం లేదు. నీలం ఉన్నంత మేర అరగదీసి పారెయ్యాలి, లేదా కమ్మరి దగ్గర ఎర్రగా కాల్చి మళ్లీ గట్టిపరచాలి.

కాబట్టి పక్కన చెంబుతో నీళ్లు పెట్టుకోవాలి. మూడు నాలుగు సెకన్లు పట్టడం, ముంచడం. చేతి గ్లౌజు లేకుండా పట్టుకుంటే వేడి వేళ్లకే తెలుస్తుంది. వేలికి వేడి తగిలిందంటే అంచు దగ్గర ఇంకా ఎక్కువ ఉందని అర్థం. గట్టిగా ఒత్తితే పని తొందరగా అవుతుందనుకోవడం పొరపాటు, ఒత్తిన కొద్దీ కాలేది మీ కొడవలే.

చేతిరాళ్లలో కొన్ని నీళ్లతో, కొన్ని నూనెతో వాడేవి ఉంటాయి. ఒకసారి నూనె పోసిన రాయికి మళ్లీ నీళ్లు పనిచేయవు. వేరుశనగ నూనె వంటి తినే నూనెలు పోస్తే ఎండి బంకలా పట్టి రాయి మూసుకుపోతుంది. పలచని యంత్రపు నూనెనే వాడాలి.

చక్రం బిగించే ముందు

మట్టి జిగురు చక్రం కిందపడితే పైకి కనిపించని బీట పడుతుంది. అది తిరిగేటప్పుడు ముక్కలవుతుంది. కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూస్తాం కదా, అదే పరీక్ష దీనికీ ఉంది. చక్రం రంధ్రంలో వేలు దూర్చి వేలాడదీసి, స్క్రూడ్రైవరు చెక్క పిడితో సుతారంగా కొట్టాలి. ఖంగుమంటే మంచిది. బొద్దుగా మోగితే వాడొద్దు. రెజిన్ బిళ్ళలు మంచివైనా మోగవు, వాటిని కళ్లతోనే చూసుకోవాలి.

చక్రానికి రెండు వైపులా అట్టబిళ్ళలు ఉంచే బిగించాలి. పనిముట్టు ఆనించే పట్టీకి, చక్రానికి మధ్య సందు 3 మిల్లీమీటర్లు మించకూడదు. ఎక్కువుంటే కొడవలి కొన లోపలికి దూరి చక్రాన్ని పగలగొడుతుంది. కొత్త చక్రం బిగించాక పక్కకు నిలబడి ఒక నిమిషం ఉత్తగా తిరగనివ్వాలి. చక్రం ముఖం మీదే నూరాలి, పక్క మీద నూరకూడదు. తువ్వాలు కొస, చీర కొంగు, వదులు చేతుల చొక్కా చక్రానికి దూరంగా ఉండాలి. బల్ల చక్రం దగ్గర గుడ్డ గ్లౌజు కూడా ప్రమాదమే, అది చిక్కుకుంటే చెయ్యిని లాగేస్తుంది.

చేతి గ్రైండరు - చిన్నదని చులకన వద్దు

నాలుగంగుళాల చేతి గ్రైండరు నిమిషానికి సుమారు 11 వేల చుట్లు తిరుగుతుంది. లెక్క వేస్తే బిళ్ళ అంచు గంటకు 200 కిలోమీటర్ల పైన పరిగెడుతుంది. విరిగిన ముక్క ఆ వేగంతోనే వస్తుంది. ఆరంగుళాల బల్ల చక్రం అంచు వేగం ఇందులో సగం కూడా ఉండదు.

అందుకని ఈ విషయాలు గమనించాలి. బిళ్ళ మీద రాసిన గరిష్ట చుట్ల అంకె, మిషను మీద రాసిన అంకెకన్నా ఎక్కువ ఉండాలి. కవచం తీసేసి పెద్ద బిళ్ళ ఎక్కించకూడదు. కోసే పలచని బిళ్ళతో పక్కవాటుగా నూరకూడదు, అది విరుగుతుంది. నూరడానికి మందపాటి బిళ్ళ వేరే ఉంటుంది. రెజిన్ బిళ్ళకు గడువు ఉంటుంది. మధ్యలో ఉండే ఇనుప బిళ్ళ మీద తేదీ వేసి ఉంటే చూసి తీసుకోవాలి. చెమ్మ తగిలిన బిళ్ళ బలహీనపడుతుంది. చెక్క కోసే రంపపు పళ్ళ బిళ్ళ ఈ మిషనుకు ఎక్కించడం చాలా ప్రమాదం, మిషను ఎగిరి చేతి మీదకో, మెడ మీదకో వస్తుంది.

కంటికి అద్దాలు తప్పనిసరి. ఎండకు పెట్టుకునే అద్దాలు పనికిరావు, పక్కలు మూసి ఉండే గాగుల్సు కావాలి. నిప్పురవ్వలు ఎగిరే దిక్కున గడ్డివాము, పత్తి, డీజిలు డబ్బా లేకుండా చూసుకోవాలి.

రాతి పని: మెట్టు తప్పకూడదు

ఇల్లు కట్టుకునేవాళ్లకు నాపరాయి, గ్రానైటు పని తప్పదు. నాపరాయి మెత్తన, కార్బొరండం రాళ్లతోనే నునుపవుతుంది. 60, 120, 220, 400 ఇలా మెట్లెక్కుతూ పోవాలి. గ్రానైటుకు వజ్రపు ప్యాడ్లు కావాలి. 50, 100, 200, 400, 800, 1500, 3000 ఇలా ఉంటాయి.

మేస్త్రీ తొందరలో మధ్యలో ఒక మెట్టు వదిలేస్తే ముందు మెట్టు గీతలు పోవు. పై మెరుగు వచ్చినా, ఎండ ఏటవాలుగా పడ్డప్పుడు ఆ గీతలు బయటపడతాయి. ఎందుకంటే ప్రతి నంబరూ దాని కింది నంబరు గీతను మాత్రమే చెరపగలదు. మెట్టు మారేటప్పుడు రాతిని నీళ్లతో బాగా కడగాలి. పాత నలుసు ఒక్కటి మిగిలినా కొత్త నునుపు మీద చార పెడుతుంది. తడిగా ఉన్నప్పుడు ఏ రాయైనా మెరుస్తుంది. కాబట్టి కూలి ఇచ్చే ముందు తుడిచి, ఆరనిచ్చి, పక్క నుంచి చూడాలి.

అన్ని రాళ్లకూ అద్దం మెరుపు అక్కర్లేదు. రాసుకునే పలకను మరీ నున్నగా చేస్తే బలపం జారిపోతుంది, అక్షరం పడదు. వాకిట్లో మెట్లకు, నీళ్లు పడే చోట బండకు మెరుగు పెడితే కాలు జారుతుంది. పనికి తగ్గ నునుపే మంచి నునుపు.

గాజు సంగతి కొద్దిగా. కిటికీ అద్దం అంచు చెయ్యి కోయకుండా ఉండాలంటే నీళ్లలో వాడే నల్ల కార్బొరండం కాగితాన్ని చెక్కముక్కకు చుట్టి, 120తో మొదలుపెట్టి 220, 400తో తడిపి రుద్దితే చాలు. పొడిగా రుద్దితే అంచు పెచ్చులూడుతుంది, గాజు పొడి గాలిలో లేస్తుంది.

దుమ్ము కనిపించదు, ఊపిరి తీస్తుంది

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. ఇనుము నూరితే నిప్పురవ్వ కనిపిస్తుంది కాబట్టి భయపడతాం. రాతిని పొడిగా కోస్తే లేచే దుమ్ముకు భయపడం. పలకరాయిలో, గ్రానైటులో, ఇసుకరాయిలో పలుగురాయి అంటే సిలికా ఉంటుంది. దాని నలుసుల్లో కంటికి కనిపించనంత సన్నవి ఊపిరితిత్తుల లోతుకు పోయి అక్కడే ఉండిపోతాయి. అక్కడ మచ్చ కట్టి, ఊపిరితిత్తి గట్టిపడిపోతుంది. దీన్నే సిలికోసిస్ అంటారు. ఒకసారి వస్తే పోగొట్టే మందు లేదు. పని మానేసినా కొందరిలో ముదురుతూనే ఉంటుంది.

మధ్యప్రదేశ్‌లోని మందసౌర్ ప్రాంతంలో పలక మీద రాసే పుల్లలు కోసే పని ఉండేది. ఆ కార్మికులను అహ్మదాబాదులోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ శాస్త్రజ్ఞులు పరీక్షించారు. 1985లో వెలువడిన ఆ పరిశీలనలో, చూసినవారిలో సగానికి పైగా మందికి సిలికోసిస్ ఉన్నట్టు తేలింది. అదీ మన పలకరాయి లాంటి రాతి పనే.

దీనికి అన్నిటికన్నా మంచి మందు నీళ్లు. కోసేచోట, నూరేచోట ధారగా నీళ్లు పడితే దుమ్ము గాలిలోకి లేవకుండా బురదగా కిందికి పోతుంది. బిళ్ళ కూడా చల్లగా ఉండి ఎక్కువ రోజులు మన్నుతుంది. అయితే మామూలు కరెంటు గ్రైండరు మీద నీళ్లు చల్లకూడదు, షాకు కొడుతుంది. తడి పనికి చేసిన మిషనో, గాలితో నడిచే మిషనో వాడాలి. ఆ కరెంటు లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించాలి.

ముక్కుకు తువ్వాలు చుట్టుకుంటే చాలదు. సన్నని నలుసు గుడ్డలోంచి దూరిపోతుంది. ఎన్95 రకం మాస్కు ముఖానికి అతుక్కునేలా పెట్టుకోవాలి. పని అయ్యాక పొడి చీపురుతో ఊడ్చకూడదు, నీళ్లతో కడగాలి. దుమ్ము పట్టిన బట్టలతో ఇంటికొచ్చి పిల్లల్ని ఎత్తుకోవద్దు. ఆ బట్టలు వేరుగా తడిపి ఉతకాలి.

రాతి పనికి వెళ్లేవాళ్లకు పొడి దగ్గు, నాలుగడుగులు వేస్తే ఆయాసం వస్తుంటే నిర్లక్ష్యం చేయరాదు. దీన్ని చాలాసార్లు క్షయ అని పొరబడతారు. సిలికోసిస్ ఉన్నవారికి క్షయ కూడా తేలిగ్గా పట్టుకుంటుంది. అందుకని డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు 'నేను రైతును' అని మాత్రమే చెప్పొద్దు. 'ఇన్నేళ్లు రాతి పని చేశాను' అని కూడా చెప్పాలి. ఆ ఒక్క మాటతో డాక్టరు ఎక్స్‌రే చూసే తీరు మారుతుంది. చట్టం ప్రకారం సిలికోసిస్ వృత్తి వల్ల వచ్చే జబ్బుల జాబితాలో ఉంది. కాబట్టి ఎక్కడ, ఎన్నాళ్లు పనిచేశారో, కూలి ఎంత తీసుకున్నారో రాసిన చీటీలు, ఎక్స్‌రేలు పారేయకుండా దాచుకోవాలి. పరిహారం అడగాల్సి వస్తే అవే ఆధారం.

కొట్టులో గుర్తుంచుకోవాల్సినవి

- దేనికి కావాలో ముందు చెప్పండి. 'ఒక రాయివ్వు' అంటే ఏదో ఒకటి ఇస్తారు. 'ఉక్కు కొడవలికి' అని అడగండి.
- జాతి అక్షరం చూడండి. ఇనుముకు ఎ, రాతికి సి.
- అంకె చూడండి. చిన్న అంకె గరుకు, పెద్ద అంకె నునుపు.
- చుట్ల అంకె, గడువు తేదీ చూడండి. రాత చెరిగిపోయిన బిళ్ళ చవకగా ఇచ్చినా తీసుకోవద్దు.
- బిళ్ళతో పాటు గాగుల్సు కూడా అదే రోజు కొనండి. తర్వాత కొందామంటే కొనేది ఉండదు.

ఎకరా, రెండెకరాల రైతు సొంతంగా చేతి గ్రైండరు కొనాల్సిన పని లేదు. అతనికి రెండు వైపుల చేతిరాయి ఒకటి, గరుకు ఆకురాయి ఒకటి, మూడు మూలల ఆకురాయి ఒకటి ఉంటే ఏడాది పొడవునా అన్ని పనిముట్లకూ సరిపోతాయి. గంట్లు పడ్డప్పుడే చక్రం అవసరం. దానికి నలుగురు రైతులు కలిసి ఆరంగుళాల బల్ల చక్రం ఒకటి తెచ్చి ఒకచోట బిగించుకోవచ్చు. ఒక వైపు 60, రెండో వైపు 120 నంబరు పెట్టుకుంటే అన్నిటికీ వస్తుంది.

కోతలు మొదలయ్యాక కాకుండా, ఒక వారం ముందే నూరి, అంచుకు కొంచెం నూనె రాసి, తడి తగలని చోట పెట్టుకోవాలి. కోత సమయంలో కొడవలి పూర్తిగా మొద్దుబారే దాకా ఆగకుండా పూటకొకసారి చేతిరాయితో నాలుగుసార్లు తీసుకుంటే చక్రం అవసరమే రాదు. పనిముట్టు నాలుగేళ్లు ఎక్కువ మన్నుతుంది. రాతి పనికి వెళ్లే రైతు సోదరులు మాత్రం మొదటి రోజునే మేస్త్రీని అడగాల్సిన మాట ఒకటుంది. కూలి ఎంత అన్నదానితో పాటు, కోసేచోట నీళ్లు పెట్టారా లేదా అని అడగండి.